ప్రతి ఆత్మ విలువ, విశ్వాసాన్ని పంచుకోవడం: తెలుగు నేలపై ఒక పరిశీలన

హైదరాబాదు పాతనగరంలో చార్మినార్ నుంచి నడిచి వెళ్ళగల దూరంలో హుస్సేనీ ఆలం అనే బస్తీ ఉంది. అక్కడి ఆషూర్‌ఖానాలో మొహర్రం రోజుల్లో నిలిపే ఆలం వల్ల ఆ పేరు వచ్చింది. పల్లెల్లో మనం 'పీర్లు' అని పిలుచుకునేవి ఈ ఆలంలే. క్రీ.శ. 680లో కర్బలాలో ప్రాణాలిచ్చిన ఇమామ్ హుసేన్ స్మృతికి అవి గుర్తులు. ఇలాంటి బస్తీలో ఒక క్రైస్తవ విద్యార్థి అద్దెకు ఉంటున్నాడనుకోండి. ప్రతి మనిషి ఆత్మ వెలకట్టలేనిదని అతని విశ్వాసం చెబుతుంది. ఆ విశ్వాసాన్ని ఇతరులతో పంచుకోమని కూడా చెబుతుంది. ఈ రెండు మాటలూ ఎప్పుడూ కలిసి నడుస్తాయా? పక్కింటి మనిషిని 'మార్చవలసినవాడు'గా మాత్రమే చూస్తే అతనికి విలువ ఇచ్చినట్లేనా? ఈ పాఠ్యభాగంలో ఈ ప్రశ్నను తెలుగు ప్రాంత చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

ముందుగా ఒక పదం గురించి తెలుసుకోవాలి. 'ఆత్మ' అనగానే మనకు వేదాంతంలోని ఆత్మ గుర్తుకొస్తుంది. అది పుట్టదు, చావదు, దేహం మారినా తాను మారదు. బైబిలులోని భావం దీనికి కొంత భిన్నమైనది. హీబ్రూలో 'నెఫెష్', గ్రీకులో 'ప్సూకే' అనే పదాలకు ఊపిరి, ప్రాణం, మనిషి మొత్తం జీవితం అనే అర్థాలున్నాయి. అందుకే మార్కు సువార్త 8వ అధ్యాయంలో లోకమంతా సంపాదించి తనను తాను పోగొట్టుకునే మనిషి గురించి చెప్పే చోట తెలుగు అనువాదకులు 'ప్రాణము' అనే మాట వాడారు. కాబట్టి ఆత్మకు విలువ ఇవ్వడమంటే మరణానంతర గతి గురించి ఆలోచించడం ఒక్కటే కాదు. ఆకలి, అవమానం, ఆలోచన ఉన్న మనిషిని మొత్తంగా లెక్కలోకి తీసుకోవడం. లూకా 15వ అధ్యాయంలో తొంభై తొమ్మిది గొర్రెలను విడిచి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్ళే కాపరి కథ ఉంది. లెక్కలు చూసుకునే వ్యాపారికి అది నష్టపు బేరమే. కథ బలమంతా అక్కడే ఉంది.

ఆ 'ఒక్కడి' కథకు చరిత్రలో దగ్గరి ఉదాహరణ హెన్రీ మార్టిన్. ఈయన 1806లో ఈస్టిండియా కంపెనీ చాప్లిన్‌గా భారతదేశానికి వచ్చారు. కొత్త నిబంధనను ఉర్దూలోకి, ఆపైన పారశీకంలోకి అనువదించారు. హుస్సేనీ ఆలం వంటి బస్తీలలో నేటికీ ఇంటి భాష ఉర్దూయే కనుక ఈ విషయం మనకు దగ్గరిదే. కాన్పూరులో ఆదివారాలు ఆయన ఇంటి ఆవరణలో వందలమంది బిచ్చగాళ్ళు చేరేవారు. ఆయన వారికి దానం చేసి, బోధించేవారు. ఒకసారి వేడుక చూడటానికి వచ్చినవారిలో షేక్ సాలిహ్ అనే వ్యక్తి ఉన్నాడు. విన్న మాటలు అతన్ని వదల్లేదు. 1811లో కలకత్తాలో బాప్తిస్మం పొంది అబ్దుల్ మసీహ్ అయ్యాడు. అప్పటికే మార్టిన్ కలకత్తా విడిచి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది తుర్కీలోని తోకాత్‌లో, 31 ఏళ్ళ వయసులో మరణించారు. ఆయన సేవా ఫలితంగా సాధారణంగా పేరు చెప్పేది ఈ ఒక్క వ్యక్తినే. సంఖ్యతో కొలిస్తే ఇది దాదాపు వైఫల్యం!

ఒంగోలు అనుభవం

తెలుగు నేలపై కథ దీనికి పూర్తిగా భిన్నంగా నడిచింది. అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచి నెల్లూరులో పనిచేసినా చాలాకాలం చెప్పుకోదగిన ఫలితం కనబడలేదు. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాక పరిస్థితి మారింది. ఆ మార్పును మొదలుపెట్టింది నిజానికి క్లౌ కాదు, తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య. ఈయన తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. యోగ మార్గంలో గురువులను ఆశ్రయించి సాధన చేసినవాడు. తన వెతుకులాటలో భాగంగానే క్రీస్తు మార్గాన్ని స్వీకరించి, తనవారికి చెప్పడం ప్రారంభించాడు. విశ్వాసం ఇక్కడ దొర నోటి నుంచి కంటే, చెప్పులు కుట్టేవారి బంధుత్వాల వెంట ఊరి నుంచి ఊరికి పాకింది. పాఠ్యపుస్తకాలు మిషనరీల పేర్లతో నిండి ఉంటాయి కనుక ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి.

మాదిగలు రావడంతో చిక్కు వచ్చింది. అప్పటికే పిల్లల్ని మిషన్ పాఠశాలకు పంపుతున్న బ్రాహ్మణులు, వీరిని చేర్చుకుంటే తాము రామని స్పష్టం చేశారు. అగ్రకులాలు ముందు వస్తే మిగతావారు వెంట వస్తారనే ఆలోచన ఆనాటి మిషన్లలో బలంగా ఉండేది. క్లౌ, ఆయన భార్య హారియెట్ వేర్వేరు గదుల్లో ప్రార్థించి బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందట: కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో, దేవుడు గొప్పవారిని కాక లోకం తక్కువగా చూసేవారిని ఎన్నుకున్నాడని చెప్పే చోటు. మాదిగలను చేర్చుకున్నారు. 'ప్రతి ఆత్మకూ ఒకే విలువ' అనే సూత్రానికి అక్కడ ఖరీదు చెల్లించవలసి వచ్చింది.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో దాదాపు మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. బాప్తిస్మం అడిగినవారు ఎందరో ఉన్నా, కరువు సాయం నడిచినంతకాలం ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదన్నది ఒక కారణం. ఆకలితో ఉన్నవాడి 'అవును' స్వేచ్ఛగా చెప్పిన 'అవును' కాదన్నది అంతకంటే లోతైన కారణమని మనం అర్థం చేసుకోవచ్చు. సాయం ఆగాక కూడా జనం తరగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి ఆ పని చేశారు.

ఈ సంఖ్య ప్రపంచమంతా మారుమోగింది. ఇంతమంది ఒకేసారి వస్తే అందులో ఒక్కో ఆత్మ నిర్ణయం ఎంత? కుల పెద్ద మాట ఎంత, మెరుగైన గౌరవం మీది ఆశ ఎంత? చరిత్రకారులు ఈ ప్రశ్నలు వేశారు, వేయడం సమంజసమే. అయితే బాప్టిస్టు పద్ధతిలో పసిపిల్లలకు బాప్తిస్మం ఉండదు. ప్రతి ఒక్కరూ తమ విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకోవాలి, ఒక్కొక్కరినే నీటిలో ముంచాలి. ఇక గౌరవం కోరుకోవడం ఆధ్యాత్మికం కాదని తేల్చేయడం, గౌరవం ఎప్పుడూ కొరవడనివారికి మాత్రమే సులభం.

ఎవరికి తూచుకునే శక్తి ఉంది?

1930లలో ఇదే ప్రశ్న జాతీయ చర్చగా మారింది. అణగారిన కులాలవారి నిస్సహాయతను మిషన్లు వాడుకుంటున్నాయని, మత సిద్ధాంతాల మంచిచెడ్డలు తూచుకునే స్థితిలో వారు లేరని గాంధీజీ విమర్శించారు. దీనికి ఎదురు నిలిచినవారిలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ప్రముఖులు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. తమిళనాడు నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎక్కువగా మాలలు, మాదిగలు ఉన్న సంఘాల మధ్య పనిచేశారు. పేదవాడికీ ఆధ్యాత్మికమైన ఆకలి ఉంటుంది, నిర్ణయించుకునే బుద్ధి ఉంటుంది అన్నది ఆయన వాదన. బాప్తిస్మం పొందినవారు తమ తల మీద చేయి ఉంచుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పలికే ఆచారాన్ని ఆయన పాటించారు. అక్షరం రాని కూలీ కూడా సాక్షిగా నిలవగలడని దీని భావం. ప్రలోభం గురించి గాంధీజీ చేసిన హెచ్చరిక విలువైనదే. కానీ తూచుకునే శక్తి గురించి అజరయ్య ఇచ్చిన జవాబు మరింత బలమైనదని ఈ పాఠం రచయిత అభిప్రాయం. మీరు విభేదించవచ్చు.

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే హక్కులతోపాటు ప్రచారం చేసే హక్కును కూడా ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారమంటే తన మత సూత్రాలను వివరించడమేనని, మరొకరిని మార్చే హక్కు అందులో లేదని చెప్పింది. అవతలి మనిషికీ అంతరాత్మ స్వేచ్ఛ ఉందన్నదే ఇందుకు ఆధారం.

ఇప్పుడు పాతనగరానికి తిరిగి వద్దాం. ముస్లింల మధ్య పనిచేసే క్రైస్తవులకు శిక్షణ ఇవ్వడానికి 1930లో లాహోర్‌లో హెన్రీ మార్టిన్ పేరిట ఒక సంస్థ ఏర్పడింది. అనేక చోట్లు మారి 1971లో హైదరాబాదు చేరింది. కాలక్రమంలో దాని దృష్టి ముస్లింలకు బోధించడం నుంచి ఇస్లాంను అర్థం చేసుకోవడం వైపు, మతాల మధ్య సంభాషణ వైపు మళ్ళింది. 1990 డిసెంబరులో పాతనగరం మతకల్లోలాల్లో రక్తసిక్తమైంది. ఆ తర్వాత ఈ సంస్థ సహాయ కార్యక్రమాలతో బస్తీల్లోకి దిగి, సుల్తాన్ షాహీ వంటి చోట్ల హిందూ, ముస్లిం కుటుంబాలను ఒకచోట చేర్చే పని చేపట్టింది. ఇది సాక్ష్యాన్ని వదులుకోవడమేనని కొందరు క్రైస్తవులు అంటారు. సాక్ష్యమంటే ఇదేనని మరికొందరు అంటారు. ఈ వాదం ఇంకా ముగియలేదు.

అభ్యాసం: కరువుకాలంలో క్లౌ బాప్తిస్మాలు నిలిపివేయడాన్ని, 1977 నాటి సుప్రీంకోర్టు తీర్పును పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ ఉన్న ఉమ్మడి భావాన్ని, ముఖ్యమైన తేడాను 15 పంక్తులకు మించకుండా రాయండి.