బిడ్డ కలగాలంటే వీర్యకణంలో ఏం జరగాలి?
దంపతులిద్దరూ కలిసి చదవవలసిన విషయం

పెళ్ళయి రెండేళ్ళు గడిచినా కడుపు పండకపోతే మన ఊళ్ళలో అందరి కళ్ళూ ఆడమనిషి మీదే పడతాయి. గొడ్రాలు అన్న పేరు ఆమెకే వస్తుంది. దిసారి దగ్గరకు ఆమెనే తీసుకువెళతారు. ఉపవాసాలు ఆమే ఉంటుంది. కొన్ని ఇళ్ళలో మగవానికి మారుమనువు చేద్దామనే మాట కూడా వస్తుంది. ఆ మగవానిని మాత్రం ఒక్క పరీక్షకు రమ్మని ఎవరూ అడగరు. ఇది న్యాయం కాదు. సంతానం లేని జంటలలో సుమారు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుందని వైద్యులు చెబుతున్నారు.

కుటుంబ నియంత్రణ అంటే పిల్లలు చాలనుకున్నవారికి ఆపరేషన్ చేయడం ఒక్కటే కాదు. బిడ్డ కావాలనుకున్నవారికి సాయపడటం కూడా అందులో భాగమే.

వీర్యకణం ఎలా ఉంటుంది?

వీర్యకణం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పొడవుంటుంది. కంటికి కనబడదు. దానికి ఒక తల, ఒక పొడవాటి తోక ఉంటాయి. తండ్రి నుంచి బిడ్డకు రావలసిన లక్షణాలన్నీ తలలో ఉంటాయి. తోక ఈదటానికి పనికివస్తుంది. మగవాని బీజాలలో ఒక కణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఒక్కసారి వచ్చే వీర్యంలో ఇవి కోట్లలో ఉంటాయి. అయినా అండం దగ్గరదాకా చేరేవి కొద్ది మాత్రమే. అందులో ఒక్కటే అండంతో కలుస్తుంది.

మదుము తీస్తేనే మడికి నీరు

అరకు లోయలో గెడ్డ నీటిని కాలువ కట్టి, మెట్లు మెట్లుగా ఉన్న మడులకు పారిస్తాం. మదుము మూసి ఉంటే కాలువలో ఎంత నీరున్నా మడి ఎండిపోతుంది. వీర్యకణం తోక మీద కూడా ఇటువంటి అతి సన్నని మదుములు నాలుగు వరుసలుగా ఉంటాయి. వాటి గుండా లోపలికి వచ్చేది కాల్షియం. బొర్రా గుహల సున్నపురాయిలో, మనం తినే చోళ్ళలో, పాలలో, మన ఎముకలలో ఉండేది కూడా కాల్షియమే. వీర్యకణం లోపల ఇది చాలా తక్కువగా ఉంటుంది. బయట అంతకు వేల రెట్లు ఎక్కువ. అందుచేత మదుము తెరుచుకోగానే కాల్షియం లోపలికి దూసుకువస్తుంది.

కరిగినప్పుడు కాల్షియం విద్యుదావేశం గల కణంగా ఉంటుంది. అటువంటి కణాన్ని అయాను అంటారు. అందుకే ఈ మదుములకు అయాను మార్గాలని పేరు. వీర్యకణంలోని ఈ మార్గాన్ని 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలలో కనుగొని, దానికి క్యాట్‌స్పర్ అని పేరు పెట్టారు.

మదుము ఎవరు తీస్తారు?

మగవాని శరీరంలో ఉన్నంతకాలం ఈ మదుములు చాలావరకు మూసే ఉంటాయి. స్త్రీ శరీరంలోకి వెళ్ళిన తర్వాత వీర్యకణం కొన్ని గంటలపాటు సిద్ధమవుతుంది. అప్పుడు అండం చుట్టూ ఉండే కణాల నుంచి ప్రొజెస్టిరాన్ అనే రసం వస్తుంది. అది తగలగానే మదుములు తెరుచుకుంటాయి. ఈ సంగతిని 2011లో జర్మనీ, అమెరికా శాస్త్రజ్ఞులు నిరూపించారు.

కాల్షియం లోపలికి రాగానే, అంతవరకు మెల్లగా ఆడుతున్న తోక కొరడా ఝళిపించినట్టు బలంగా కొడుతుంది. ఆ ఊపుతోనే వీర్యకణం అండం చుట్టూ ఉన్న మందమైన పొరను చీల్చుకుని వెళ్ళగలుగుతుంది. ఇందులో ఇద్దరి శరీరాలకూ పని ఉన్నది. ఒకరినే తప్పు పట్టడానికి వీలు లేదు.

లెక్క బాగున్నా లోపం ఉండవచ్చు

కొందరు మగవారిలో పుట్టుకతోనే ఈ మదుములు పనిచేయవు. ఇది అరుదు. అటువంటివారిలో కొందరికి కణాల లెక్క, రూపం మామూలుగానే కనబడినా బిడ్డ మాత్రం కలగదు. 2009లో ఇరాన్ దేశంలో, దగ్గర బంధువుల మధ్య పెళ్ళిళ్ళు జరిగిన రెండు కుటుంబాల మగవారిలో ఇటువంటి జన్యులోపం బయటపడింది. ఈ లోపం ఉన్నవారికి సూదితో ఒక వీర్యకణాన్ని నేరుగా అండంలో ప్రవేశపెట్టే పద్ధతి ఉన్నది. అది పెద్ద ఊళ్ళలోనే దొరుకుతుంది, ఖర్చు కూడా ఎక్కువ.

హైదరాబాదులో 1977లో మొదలైన సి.సి.ఎం.బి. అనే పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కూడా మన దేశపు మగవారిని పరీక్షించారు. వీర్యకణాలు లేని కొందరిలో, తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోములో కొన్ని ముక్కలు లోపించినట్టు కనుగొన్నారు. ఇవి శాపాలు కావు, శరీరంలోని లోపాలు.

మీ సందేహాలు

ప్రశ్న: సున్నం గాని, కాల్షియం మాత్రలు గాని ఎక్కువగా తింటే బిడ్డలు కలుగుతారా?
జవాబు: కలగరు. మదుము చెడితే కాలువలో నీరు పెంచి లాభమేమిటి? చోడంబలి ఒంటికి మంచిదే, కాని అది ఈ లోపానికి మందు కాదు. సున్నం తింటే నోరు పాడవుతుంది.

ప్రశ్న: వీర్య పరీక్ష చేయించుకుంటే మగతనానికి తక్కువ కాదా?
జవాబు: కాదు. బలంగా పొలం దున్నేవానికీ వీర్యకణాలు తక్కువ ఉండవచ్చు. బక్కపలచనివానికి నిండుగా ఉండవచ్చు. బయటకు చూసి చెప్పలేము.

ప్రశ్న: ఈ మదుములను మూసి గర్భం రాకుండా చేసే మందు ఉందా?
జవాబు: శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. ఇంతవరకు ఏ ఆరోగ్య కేంద్రంలోనూ అటువంటి మందు లేదు. సంతలో ఎవరైనా అమ్మితే కొనకండి.

ప్రశ్న: మగవాని ఆపరేషన్ వల్ల బలం తగ్గుతుందా?
జవాబు: తగ్గదు. వీర్యకణాలు వచ్చే నాళాన్ని మాత్రమే మూస్తారు. అయితే ముందున్న కణాలు పోవడానికి సుమారు 3 నెలలు పడుతుంది. అంతవరకు నిరోధ్ వాడి, వీర్య పరీక్ష అయిన తర్వాతే మానాలి.

మీరు చేయవలసినవి

1. ఏ గర్భనిరోధక పద్ధతీ వాడకుండా ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి వైద్యుని చూడండి. భార్యకు 35 ఏళ్ళు దాటితే 6 నెలలు చాలు.

2. పరీక్షకు ముందు 2 రోజుల నుంచి 7 రోజుల వరకు దూరంగా ఉండాలి.

3. గడచిన 3 నెలలలో మలేరియా గాని, వేరే పెద్ద జ్వరం గాని వస్తే చెప్పండి. జ్వరం వల్ల కణాలు కొంతకాలం తగ్గవచ్చు. అప్పుడు పరీక్ష మళ్ళీ చేయాలి.

4. పెద్దయ్యాక గవదబిళ్ళలు వచ్చి బీజాలు వాచి ఉంటే అది కూడా దాచకండి.

5. చుట్ట, పొగాకు మానండి. సారా, జీలుగు కల్లు జోలికి పోకండి.

6. నెలసరి సరిగా వచ్చే స్త్రీకి, తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. అది ఒక రోజే బతుకుతుంది. వీర్యకణం 5 రోజుల వరకు బతకగలదు. కాబట్టి ఆ రోజుకు ముందున్న 5 రోజులు, ఆ రోజు ముఖ్యమైనవి.

మీ ఊరి ఆశా కార్యకర్తతో గాని, ఏ.ఎన్.ఎం.తో గాని మాట్లాడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు అవసరమైతే పెద్ద ఆసుపత్రికి పంపుతారు. భార్యను ఒక్కదాన్నీ పంపకండి. ఇద్దరూ కలిసి రండి. మగవాని పరీక్షకు సూది పోటు కూడా ఉండదు, ముందు అదే చేయించుకోండి.