నోటి క్యాన్సర్‌లో జన్యువుల పాత్ర: వంశంలో వచ్చేది ఏది, రానిది ఏది?



కొన్నేళ్ళ కిందట పులికాట్ సరస్సు ఒడ్డున మాకు బాగా తెలిసిన ఇంట్లో పెద్దాయన నోటి క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఇరవై ఏళ్ళకు పైగా ఖైనీ వాడిన మనిషి. ఆయన పరీక్ష కాగితాల్లో ‘జీన్ యాంప్లిఫికేషన్’ అనే మాట ఉంది. జీన్ అంటే వంశంలో వచ్చేదే కదా అని ఎవరో అన్నారు. ఆ మాట ఊరు దాటింది. ఆయన కూతురికి కుదిరిన సంబంధం ఆగిపోయింది. “సార్, మీరు పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు. ఇది నిజమేనా?” అని ఆ తల్లి మమ్మల్ని అడిగింది. చదివి, వైద్యులను అడిగి తెలుసుకుని ఆమెకు చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాము.

మన కణాల్లో 23 జతల క్రోమోజోములు, వాటిపై జన్యువులు ఉంటాయి. సాధారణంగా ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. 11వ క్రోమోజోముపై సైక్లిన్ డి1 అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు ఉంది. కణం రెండుగా చీలడానికి సిద్ధం కావాలని చెప్పడం ఈ ప్రోటీన్ పని. దీన్ని బడి గంటతో పోల్చవచ్చు. వేళకు మోగాలి, తర్వాత ఆగాలి.

పొగాకు, వక్క రోజూ తగిలే చోట కణంలోని డీఎన్ఏ దెబ్బతిని తెగుతుంది. కణం దాన్ని అతుక్కుంటుంది. అతుకు తప్పినప్పుడు ఒక్కోసారి ఒకే ముక్క పదే పదే నకలవుతుంది. రెండు ఉండవలసిన ప్రతులు ఐదు, పది, అంతకంటే ఎక్కువ కావచ్చు. ఇదే జన్యు విస్తరణ. అప్పుడు గంట ఆగకుండా మోగుతుంది, కణాలు అదుపు లేకుండా చీలుతాయి. నోరు, గొంతు ప్రాంతపు క్యాన్సర్లలో దాదాపు మూడో వంతు కేసుల్లో ఈ 11వ క్రోమోజోము భాగం విస్తరించి ఉన్నట్లు పరిశోధనల్లో తేలింది. ఇటువంటి గడ్డలు మెడ గ్రంథులకు పాకే అవకాశం ఎక్కువని కూడా గమనించారు. 7వ క్రోమోజోముపై ఉన్న ఈజీఎఫ్ఆర్ జన్యువు కూడా కొందరిలో ఇలాగే పెరుగుతుంది.

దీన్ని చూడటానికి చేసే పరీక్షల్లో ఒకదాని పేరు ‘ఫిష్’. మన సరస్సు చేపకూ దానికీ సంబంధం లేదు! మెరిసే రంగు అంటించి చూస్తే మామూలు కణంలో రెండు చుక్కలు, విస్తరణ ఉన్న కణంలో చుక్కల గుంపు కనిపిస్తాయి.

ఇక ఆ తల్లి ప్రశ్నకు జవాబు. ఈ మార్పు జరిగింది ఆయన నోటిలోని కొన్ని కణాల్లోనే. బిడ్డలకు వెళ్ళే బీజకణాల్లో కాదు. కనుక ఈ విస్తరణ కూతురికి రాదు, మనవలకూ రాదు. అరుదైన కొన్ని వంశపారంపర్య జబ్బులను మినహాయిస్తే నోటి క్యాన్సర్‌కు ప్రధాన కారణాలు పొగాకు, వక్క, మద్యం.

మన రాష్ట్రంలోనే దీనికి సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చాలామంది ఆడవాళ్ళు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవారు. దాన్ని అడ్డపొగ అంటారు. వారిలో క్యాన్సర్ ఎక్కువగా అంగిలిలోనే వచ్చేది. ఖైనీ పెట్టేవారికి పెదవి లోపల, బుగ్గ లోపల వస్తుంది. దెబ్బ తగిలిన చోటే జబ్బు. వట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1.4 లక్షల మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వస్తోంది.

ఆ ఇంట్లో ఈ మాటలన్నీ చెబుతుంటే కొడుకు తల వంచుకుని విన్నాడు. చొక్కా జేబులో ఖైనీ పొట్లం కనిపిస్తూనే ఉంది. తండ్రి జన్యు మార్పు అతనికి రాలేదు, అలవాటు మాత్రం వచ్చింది. అతను దాన్ని మానడానికి ఏడాది పట్టింది. ఆగిన సంబంధం మళ్ళీ కలవలేదు. ఆ బిడ్డకు తర్వాత వేరే చోట నిఖా జరిగింది.

రెండు వారాలకు మించి మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకోకపోవడం, మెడలో గడ్డ: వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించాలి. తొలి దశలో పట్టుకుంటే కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. కేరళలోని తిరువనంతపురంలో 1996లో మొదలైన అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోరు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో ఫలితాలు వెలువడ్డాయి. దానికి కావలసింది మంచి వెలుగు, శిక్షణ పొందిన కళ్ళు.

దాతలకు మా మనవి ఇది. సూళ్ళూరుపేట, తడ ప్రాంతపు రోగికి తిరుపతిలోనూ చెన్నైలోనూ క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. కానీ రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. వేటకు వెళ్తేనే పొయ్యి వెలిగే ఇంట్లో చికిత్స సగంలో ఆగేది మందు లేక కాదు, రైలు ఛార్జీ, బస, ఇంటి బియ్యం లేక. మీ సహాయంలో కొంత భాగం దీనికీ, ఊరూరా నోటి పరీక్ష శిబిరాలకూ కేటాయిస్తే, ఇంకో ఇంటి పెద్ద సరైన వేళకు వైద్యం అందుకుంటాడు.