తెగిన లైను రౌటర్‌కు ఎప్పుడు తెలుస్తుంది?

"సార్, బోధన్ రోడ్డు మీద జేసీబీ ఫైబర్ తెంపినా మా నాన్న ఆఫీసుల రేడియో లింకు ఉంటది గదా! మరి అర నిమిషం దాటినా పని ఎందుకు ఆగిపోతది?" నిజామాబాద్‌లో నెట్‌వర్కింగ్ పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి వేసిన ప్రశ్న ఇది.

నిజామాబాద్ నుంచి బోధన్ సుమారు 25 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి ఆ దూరాన్ని సెకనులో ఎనిమిదివేలో వంతులో దాటేస్తుంది. మరి ఆలస్యం ఎక్కడ? ఫైబర్ నేరుగా రౌటర్‌లోకే వస్తే వెలుతురు ఆగిన మరుక్షణమే దానికి తెలిసిపోతుంది. కానీ చాలా ఆఫీసుల్లో ఫైబర్ గోడ మీది కన్వర్టర్ పెట్టెలో ఆగుతుంది. అక్కడి నుంచి రౌటర్‌కు మామూలు రాగి తీగ. రోడ్డు మీద ఫైబర్ తెగినా రౌటర్ పోర్టులో పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది.

ఇక మిగిలింది పలకరింపులే. రౌటర్లు దారులు తెలుసుకునేందుకు వాడే ఓఎస్పీఎఫ్ 1989లో తొలి ప్రమాణంగా వచ్చింది. ఆ పద్ధతిలో, మామూలు అమరికలో రౌటర్లు 10 సెకన్లకోసారి 'హలో' పంపుకుంటాయి. 40 సెకన్లు ఏమీ వినబడకపోతేనే అవతలివాడు లేడని తేల్చుకుంటాయి. అలాంటిదే ఇంకో పద్ధతి బీజీపీలో చాలా రౌటర్లకు ఈ గడువు 180 సెకన్లు. గడువు మరీ తగ్గిస్తే ఇంకో చిక్కు: హలో పంపాల్సింది ప్రధాన ప్రాసెసరే. అది వేరే పనిలో మునిగితే బాగున్న లైను కూడా పోయినట్టే లెక్క.

నాకు ఎంతో ఇష్టమైన బీఎఫ్‌డీ పుట్టింది ఇక్కడే. రౌటర్ల మార్కెట్లో జునిపర్, సిస్కో బద్ధ ప్రత్యర్థులు. అయినా 2003లో జునిపర్‌లోని డేవ్ కాట్జ్, సిస్కోలోని డేవ్ వార్డ్ కలిసి దీన్ని ప్రతిపాదించారు. దారులు వెతకడం దీని పని కాదు. 24 బైట్ల చిన్న ప్యాకెట్‌తో "ఉన్నావా?" అని అడుగుతూ ఉండటమే. చెరకు తోటల్లో రాత్రి అడవిపందులకు కాపలా కాసేవాళ్లు ఒకరికొకరు కేకేసుకున్నట్టే. 50 మిల్లీసెకన్లకో ప్యాకెట్ చొప్పున మూడు వరుసగా రాకపోతే, అంటే 150 మిల్లీసెకన్లలో, తీర్పు అయిపోతుంది. పెద్ద రౌటర్లలో ఈ పని లైన్ కార్డుల్లోనే జరుగుతుంది, ప్రధాన ప్రాసెసర్‌కు బరువుండదు.

అసలు తెలివి ఇంకోచోట ఉంది. ఒక్కోసారి లైను ఒకవైపే పోతుంది: నీ మాట నాకు వినబడదు, నా మాట నీకు వినబడుతుంది. అందుకే ప్రతి ప్యాకెట్‌లో పంపేవాడి స్థితి కూడా ఉంటుంది. నాకు నువ్వు వినబడకపోతే నా ప్యాకెట్ "డౌన్" అంటుంది. అది చూసి నువ్వూ ఆ లైను వదిలేస్తావు. వేగం కూడా బేరమాడుకునే కుదుర్చుకుంటారు: ఎంత వేగంగా వినగలనో నేను చెబుతాను, అంతకు మించి నువ్వు పంపవు.

లైను పోయిందని తెలిస్తే చాలదు, వెంటనే వేరే దారి పట్టాలి. అలాంటి ప్రత్యామ్నాయ దారిని ముందే లెక్కగట్టి ఉంచుకునే ఒక పద్ధతికి 2008లో ప్రమాణం వచ్చింది. 2010లో బీఎఫ్‌డీకీ వచ్చింది. అప్పటికి కాట్జ్, వార్డ్ ఇద్దరూ జునిపర్‌లోనే ఉన్నారు.

వేగం అన్నిచోట్లా మంచిది కాదు. వానలో తడబడే రేడియో లింకుకు 150 మిల్లీసెకన్ల గడువు పెడితే లైను మాటిమాటికీ పడి లేస్తుంది. అక్కడ గడువు పెంచాలి. ఫైబర్ తిరిగి రాగానే దాని మీదికి దూకకుండా కాసేపు ఆగాలి.

బోధన్‌లోనో ఆర్మూర్‌లోనో రెండు లైన్ల ఆఫీసు చూసుకునేవారికి ఒక మాట. పరీక్షించేటప్పుడు రౌటర్ తీగ పీకకండి, అలా పీకితే రౌటర్ ఎప్పుడూ వెంటనే రెండో లైనుకు మారిపోతుంది. కన్వర్టర్‌కు అవతల ఉన్న ఫైబర్ పీకి సెకన్లు లెక్కపెట్టండి. నలభై వస్తే బీఎఫ్‌డీని రెండు చివరలా ఆన్ చేయించండి.