యాత్రల ఋతువులు

సంక్రాంతి పండుగకు హైదరాబాదునుండి గోదావరి జిల్లాలకు పోవు రైళ్లలో స్థలము సంపాదించుట యెంత కష్టమో మన పాఠకులలో పెక్కుమంది యెఱుగుదురు. దక్షిణమధ్య రైల్వేవారు ప్రత్యేకముగా రైళ్లు నడిపినను సమ్మర్దము తీఱదు. పండుగ గడచి, ఊళ్లకు పోయినవారు తిరిగి వచ్చిన పిమ్మట ఆ యొత్తిడి సడలిపోవును. ఎండవానలకు వలెనే జనుల రాకపోకలకును ఋతువులు గలవు. వానిని ముందుగా గుర్తించుట యెట్లో ఈ వ్యాసమున వివరింపబూనితిని.

ఈ జ్ఞానము అందఱికంటె యాత్రాసంస్థలకు ముఖ్యమైనది. బస్సు, పడవ, బస, వంటవాడు, దారి చూపువాడు, ఇవన్నియు యాత్రికులు రాకమునుపే కుదుర్చుకొనవలెను. వలసినదానికంటె ఎక్కువ కుదిర్చినచో సొమ్ము వ్యర్థమగును. తక్కువ కుదిర్చినచో యాత్రికులు బసలేక అవస్థపడుదురు. బియ్యపు వర్తకుడు ఈ నెల అమ్ముడుపోని బస్తాను వచ్చు నెలలో అమ్ముకొనగలడు. నిన్న ఖాళీగా పోయిన బస్సులోని సీటును నేడు అమ్ముటకు ఎవ్వరికిని సాధ్యము కాదు.

ఈ వృత్తికి ఆద్యులలో నొకడు థామస్ కుక్ అను ఆంగ్లేయుడు. ఆయన 1808లో జన్మించి, కొయ్యపని నేర్చి, బాప్టిస్టు బోధకుడై, మద్యపానము మాన్పించుటకు పాటుపడెను. 1841 జూలై 5వ తేదీన మద్యవర్జన సభకై సుమారు 500 మందిని లెస్టరునుండి లఫ్‌బరోకు, మనిషికి ఒక షిల్లింగు చొప్పున, రైలులో తీసికొనిపోయెను. 1869లో ఐగుప్తునకును పాలస్తీనాకును యాత్రికులను నడిపించెను. ఇంగ్లండులో చలి ముదిరియున్న నెలలలో నైలునది తీరము హాయిగా నుండును. కావున స్వదేశమున వేసవి యాత్రలు ముగిసిన పిమ్మట ఐగుప్తుయాత్రలు సంస్థకు పని కల్పించెను. ఒకచోటి కొఱతకాలమును మఱియొకచోటి రద్దీకాలముతో పూడ్చుకొనుట ఈ వృత్తిలో మొదటి పాఠము.

ఇక మన ప్రాంతమునకు వత్తము. ఇచ్చట యాత్రల ఋతువులను నిర్ణయించు కారణములు ముఖ్యముగా నాలుగు: వాతావరణము, పాఠశాలల సెలవులు, పండుగలు, చేతిలోని ద్రవ్యము. అరకులోయలో శీతకాలారంభమున వలిసెపూలు పచ్చగా విరియును, ఉదయమున మంచు క్రమ్ముకొనును. అందుచే ఆ నెలలలో విశాఖపట్టణమునుండి యాత్రికులు తండోపతండములుగా పోవుదురు. కార్తికమాసమున అమరావతి, భీమవరము, పాలకొల్లు, ద్రాక్షారామము, సామర్లకోట అను పంచారామములకు ప్రత్యేకపు బస్సులు నడచును. క్రైస్తవులు ఫిబ్రవరి మాసమున బెజవాడ సమీపమందలి గుణదల మేరీమాత ఉత్సవమునకును, డిసెంబరు 25న మెదకు దేవాలయమునకును వేలకొలది చేరుదురు. వేసవి వచ్చెనా, కుటుంబములు పిల్లలతో ఉదకమండలమునకో తిరుమలకో బయలుదేఱును. విద్యార్థులారా! మీ సెలవుల పట్టికయే యిన్ని బస్సులను కదిలించుచున్నదని మీరెన్నడైన తలంచితిరా?

కారణములు తెలిసినంతమాత్రమున చాలదు, లెక్క కావలెను. యాత్రాసంస్థ బుకింగు చిట్టాలో ప్రతి పద్దునకును రెండు తేదీలు వ్రాయవలెను. ఒకటి ప్రయాణపు తేదీ, రెండవది స్థలము నిర్ణయించుకొన్న తేదీ. మొదటిదానివలన ఋతువు తెలియును. ఒక సంస్థకు ఏడాదిలో 1,200 మంది యాత్రికులు వచ్చిరనుకొందము. నెలసరి సగటు 100. జనవరిలో 180 మందియు, జూలైలో 30 మందియు వచ్చినచో, జనవరి బలము నూటికి 180, జూలై బలము నూటికి 30 అని చెప్పుదురు. ఇట్లు నాలుగైదు సంవత్సరముల లెక్క ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడే నిజమైన ఋతువేదో, ఒక్కయేటి వింత యేదో వేఱుపడును.

రెండవ తేదీ ముందుచూపు నిచ్చును. ఒక యాత్రకు ముప్పది దినములు ముందు నిరుడు 24 సీట్లు నిండియుండగా ఈయేడు 12 మాత్రమే నిండినవనుకొనుడు. నిర్వాహకుడు అప్పుడే కారణము విచారించి, చిన్న బస్సు మాటలాడుకొనవచ్చును. ప్రయాణపు ఉదయమున ఖాళీ సీట్లను చూచి విచారించుటవలన ప్రయోజనము లేదు. అయితే నియమము మాఱినచో ఈ తేదీయు మాఱును. రైలు టిక్కెట్లను 120 దినములు ముందుగా కొనుటకు వీలుండగా, 2024 నవంబరు 1నుండి దానిని 60 దినములకు తగ్గించిరి. జనులు ఆలస్యముగా కొనుచున్నారని చూచి, వారికి ఆసక్తి తగ్గెనని తలంచుట పొరపాటు.

పంచాంగము విషయమున మఱింత జాగరూకత వలయును. 2023లో దీపావళి నవంబరు 12న వచ్చెను. 2025లో అక్టోబరు 20ననే వచ్చెను. దీపావళి వెళ్లిన వెంటనే కార్తికము ప్రవేశించును గనుక, ఆ రెండేండ్ల నవంబరు లెక్కలను పోల్చినచో తప్పు సిద్ధాంతము తేలును. ఈస్టరు 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిలు 20న వచ్చెను. కావున నెలను నెలతో గాక, పండుగను పండుగతో పోల్చవలెను. 2015 జూలైలో గోదావరి పుష్కరములు జరిగెను. ఆ జూలైతో 2016 జూలైని పోల్చి వ్యాపారము క్షీణించెనని దుఃఖించువాడు అమాయకుడు. అట్లే 2020లో మహమ్మారివలన ప్రయాణములు నిలిచిపోయిన కాలము దేనికిని కొలబద్ద కాజాలదు.

చిట్టాలో కానరాని వారును గలరు. స్థలము లేదని విని తిరిగిపోయినవారి పేర్లు ఎవ్వరును వ్రాయరు. నలుబది సీట్ల బస్సు ప్రతి ఆదివారమును నిండుచున్నచో, అడిగినవారు నలుబదియా, తొంబదియా చిట్టా చెప్పజాలదు. తిరిగిపోయినవారి సంఖ్యను, ప్రయాణము రద్దు చేసికొన్నవారి సంఖ్యను వేఱుగా వ్రాసికొను సంస్థయే నిజమైన కోరికను తెలిసికొనును. ముందుగా వచ్చిన సొమ్మును చూచి లాభమని భ్రమపడరాదు. యాత్ర ముగియువఱకు అది పరుల సొమ్మే. థామస్ కుక్ స్థాపించిన బ్రిటిషు సంస్థ అప్పుల భారముచేత 2019 సెప్టెంబరు 23న మూతపడగా, విదేశములలో చిక్కుకొన్న లక్షకు పైబడిన యాత్రికులను ఆ దేశపు అధికారులు ఇండ్లకు చేర్పవలసివచ్చెను.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి మిగిలియున్నది. జనులు కోరిన కాలమెల్ల యాత్రకు తగిన కాలము కాదు. అదే సంవత్సరము సెప్టెంబరు 15, ఆదివారమునాడు, గోదావరి వరదమీద నుండగా పాపికొండలకు పోవుచున్న పడవ కచ్చులూరువద్ద మునిగిపోయి, పెక్కుమంది ప్రాణములు గోల్పోయిరి. సెలవుదినమున సీట్లు నిండుట సహజమే. కాని చిట్టా యెంత నిండినను నది దానిని చదువదు. వరదదినములలో సొమ్ము తిరిగి యిచ్చి పడవను ఒడ్డుననే కట్టివేయుటకు వలసిన ధనమును, రద్దీకాలపు లాభమునుండి తీసి దాచియుంచుటయే ఋతువుల లెక్కకు ఉత్తమ ప్రయోజనము. అట్లు దాచినచో ఒట్టిపోయిన నెలలలో పడవవానికిని వంటవానికిని కొంత కూలియైన దొరకును. ఆకలికి తాళలేక అపాయమునకు తెగించు అగత్యము తప్పును.

తలిదండ్రులారా! ప్రయాణమును ముందుగా నిశ్చయించుకొనుడు. మానుకొన్నచో వెంటనే తెలుపుడు. మీరు విడిచిన స్థలము మఱియొకరికి ఉపకరించును. బాలబాలికలారా! మీ యూరి బస్సుస్టాండులో ఒక సంవత్సరముపాటు వారమున కొకనాడు ఎక్కువారిని లెక్కించి చూడుడు. గణితపు తరగతిలో నేర్చిన సగటు, శాతము అను మాటలకు ప్రాణము వచ్చును. ఆ అంకెల వెనుక ఎవరి పండుగయో, ఎవరి పంటయో, ఎవరి కూలియో ఉన్నదని మీకే తెలియగలదు.