విమానమనగా నేమి?

ఆలయ ప్రాకారద్వారంపై నిలిచిన కట్టడాన్నీ, గర్భాలయంపై నిలిచిన కట్టడాన్నీ కూడా మన భక్తులు గోపురమనే అంటున్నారు. మొదటిదే గోపురం. అమరసింహుడు పురద్వారానికి ఆ పేరు చెప్పాడు. స్వామివారి శిరస్సుపై నున్నది విమానం. ‘విమాన గోపురం’ అనే జంటపదం పత్రికలలోనూ, ఆలయాల కరపత్రాలలోనూ స్థిరపడిపోయింది. లోకవ్యవహారాన్ని వ్యాకరణం ఆపలేదు గాని, భేదమెరిగి వాడడం మేలు.

‘మా’ ధాతువుకు కొలుచుట అని అర్థం. ‘వి’ అనే ఉపసర్గ చేరి, ల్యుట్ ప్రత్యయం రాగా విమాన శబ్దం ఏర్పడింది. విశేషంగా కొలువబడినది అని భావం. ఋగ్వేదంలోని హిరణ్యగర్భ సూక్తంలో అంతరిక్షాన్ని కొలిచినవాడనే అర్థంలో ఈ శబ్దం కనబడుతుంది. చరకసంహితలో మూడవ స్థానానికి విమానస్థానమని పేరు. అక్కడ ఎగిరేదేదీ లేదు. దోషాదుల ప్రమాణాలను తెలుసుకోవడమే విషయం. దేవతల ఆకాశయానానికీ, అంతస్తుల మేడకూ కూడా ఇదే పేరు. రామాయణంలోని పుష్పకం ఈ రెండూను. ‘వి’ అంటే పక్షి గనుక పక్షివంటిదని వ్యుత్పత్తి చెప్పేవారున్నారు. చమత్కారంగానే ఉంది గాని, చరకసంహితలోని ప్రయోగానికి పొసగదు.

శిల్పశాస్త్రాలలో విమానమంటే పైభాగం మాత్రమే కాదు. అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి అని దానికి ఆరు అంగాలు. పాదమనగా ఇక్కడ స్తంభాలతో కూడిన గోడభాగం. శిఖరమనే మాట దక్షిణాదిలో గ్రీవంపై నున్న గుమ్మటం వంటి భాగానికే చెల్లుతుంది; ఉత్తరాదిలో పై కట్టడమంతా శిఖరమే. తంజావూరు బృహదీశ్వరాలయంలో విమానమే ఎత్తైనది. గోపురాలు దానికంటె చిన్నవి. తరువాతి కాలంలో గోపురాలే ఆకాశాన్నంటాయి. అయినా తిరుమలలో భక్తులు ప్రదక్షిణ మార్గంలో ఆగి చేతులు జోడించేది ఆనందనిలయ విమానంపై నున్న విమాన వేంకటేశ్వరునికే.

ఈ ఆరు అంగాల ఎత్తులకూ పరస్పర ప్రమాణం ఉన్నది. నేడు అనేక పాత ఆలయాలలో శుభ్రత కోసమని ప్రాకారంలోని నేలను ఎత్తు చేసి గ్రానైటు పలకలు పరుస్తున్నారు. ఉపానం, జగతి, కుముదం మొదలైన అధిష్ఠాన భాగాలు వాటి క్రింద పూడిపోతున్నాయి. శాసనాలు తరచు చెక్కించినది ఆ అధిష్ఠానం మీదనే; అవీ మరుగున పడుతున్నాయి. వాననీరు గర్భాలయం వైపు మళ్ళుతోంది. పైన ఎంత బంగారు తాపడం చేయించినా, క్రింద రెండడుగులు పోయిన తరువాత అది శాస్త్రం చెప్పిన కొలత కాదు. జీర్ణోద్ధరణకు పూనుకొన్నవారు పలకలు కొనడానికి ముందే స్థపతిని పిలిపించి, అసలు నేల ఎంత లోతున ఉన్నదో ఒకచోట త్రవ్వించి చూడాలి.