మోటారు ఫోకసర్‌లో బ్యాక్‌లాష్: కొలత, సవరణ

టెలిస్కోపుకు అమర్చిన కెమెరాను మోటారుతో ముందుకు, వెనక్కు జరిపి, నక్షత్రం అతి చిన్నగా కనిపించే స్థానాన్ని కంప్యూటరే వెతకడాన్ని ఆటోఫోకస్ అంటారు. అయితే కంప్యూటరు మోటారు తిరిగిన స్టెప్పులనే లెక్కిస్తుంది. కెమెరా నిజంగా ఎంత జరిగిందో దానికి తెలియదు. ఈ తేడాను సవరించకపోతే రాత్రంతా తీసిన చిత్రాలు మసకబారతాయి.

కారణం

గేరు పళ్ల మధ్య కొంత ఖాళీ ఉంటుంది. పాత ట్రాక్టరు స్టీరింగ్‌ను ఒక వైపు నుంచి మరో వైపుకు తిప్పితే చక్రాలు వెంటనే తిరగవు. మెకానిక్‌లు దీన్ని 'ప్లే' అంటారు. ఫోకసర్ దిశ మారినప్పుడు కూడా మొదటి కొన్ని స్టెప్పులు ఈ ఖాళీని దాటడానికే ఖర్చవుతాయి. ఇదే బ్యాక్‌లాష్.

దోషం ఎంత?

ఫోకస్ సరిగా ఉన్నట్లు లెక్కించదగిన మండలం వెడల్పు = 4.88 × కాంతి తరంగదైర్ఘ్యం × (ఎఫ్ సంఖ్య)². ఎఫ్/5 టెలిస్కోపుకు, 0.55 మైక్రాన్ల ఆకుపచ్చ కాంతిలో ఇది సుమారు 67 మైక్రాన్లు. ఒక స్టెప్పు 4 మైక్రాన్లు, బ్యాక్‌లాష్ 60 స్టెప్పులు అనుకోండి. దోషం 240 మైక్రాన్లు. అంటే మండలం వెడల్పుకు మూడున్నర రెట్లు!

కొలిచే విధానం

1. ఫోకసర్‌ను ఒకే దిశలో జరుపుతూ, నక్షత్రం పెద్ద బిళ్లగా కనిపించేదాకా ఫోకస్ తప్పించండి.
2. దిశ మార్చి, పది స్టెప్పులకొక చిత్రం తీయండి.
3. బిళ్ల పరిమాణం తగ్గడం మొదలయ్యేవరకు గడిచిన స్టెప్పులే బ్యాక్‌లాష్. వాతావరణం వల్ల పరిమాణం కొద్దిగా మారుతుంది కనుక మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

సవరణ

ప్రతిసారీ లక్ష్యాన్ని ఒకే దిశ నుంచి చేరుకోవాలి. ఉదాహరణకు, చివరి కదలిక ఎప్పుడూ లోపలికే ఉండాలని నిర్ణయించారు. 4800 నుంచి 5000కు వెళ్లాలంటే ముందు 5100 వరకు బయటికి వెళ్లి, తిరిగి లోపలికి 5000కు రావాలి. ఈ 100 స్టెప్పులలో 60 ఖాళీకి పోయినా, మిగిలిన 40 కెమెరాను సరైన స్థానానికి చేరుస్తాయి. ఈ పద్ధతిలో అదనపు కదలిక బ్యాక్‌లాష్ కన్నా ఎక్కువ ఉంటే చాలు, కచ్చితమైన విలువ అక్కరలేదు.

దిశ మారినప్పుడల్లా 60 స్టెప్పులు కలిపే పద్ధతి కూడా ఉంది. దీనికి మాత్రం కచ్చితమైన కొలత కావాలి. ఫోకసర్‌లోనూ, సాఫ్ట్‌వేర్‌లోనూ సవరణ రెండూ ఒకేసారి పెట్టవద్దు. అలా చేస్తే సవరణ రెండుసార్లు జరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

బ్యాక్‌లాష్ 140 స్టెప్పులున్న ఫోకసర్‌కు అదనపు కదలిక 100 స్టెప్పులే ఇస్తే ఏమవుతుంది? కారణం రాయండి.