ఓక్లాండ్ చిరుత, కంచికచర్ల కోటేశు

1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం మోపి, కట్టేసి కొట్టి, కిరోసిన్ పోసి తగలబెట్టారు. కోటేశు చావు పత్రికలకెక్కింది, పార్లమెంటు దాకా వెళ్లింది. నాయకులు ఖండించారు, కొన్నాళ్లకు అంతా సద్దుమణిగింది. నోరు విప్పినవాళ్లలో ఎక్కువమంది కోటేశు తరఫున మాట్లాడినవాళ్లే. అతని వాడ జనం తమ గొంతుతో తామే అడగడానికి గట్టి సంఘమంటూ ఆనాడు ఈ ప్రాంతంలో లేదు.

అసలెప్పుడూ లేదని కాదు. 1917 నవంబరులో బెజవాడలోనే భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాజన సభ జరిగింది. తమను పంచములనడాన్ని ఆ సభ తోసిపుచ్చింది. ఈ నేల తొలి హక్కుదారులం తామేనంటూ ఆది ఆంధ్రులుగా ప్రకటించుకుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆ పాయ కొంత కాంగ్రెసులో, కొంత కమ్యూనిస్టు పార్టీల్లో కలిసిపోయింది. కూలి పోరాటాలు, భూమి పోరాటాలు నడిచాయి కానీ కులం మాట మాత్రం వర్గం మాట వెనక నిలబడాల్సి వచ్చింది.

కోటేశు చనిపోయిన 1968లోనే, ఏప్రిల్ 4న, అమెరికాలోని మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. ఆయన అక్కడికి వెళ్లింది చెత్త ఎత్తే నల్లజాతి కార్మికుల సమ్మెకు అండగా. కింగ్ పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఆయన పక్కనే, కొన్నిసార్లు ఆయనతో తగువు పడుతూ నడిచిన మరో పాయ గురించి మనదగ్గర తెలిసింది తక్కువ. దళిత ఉద్యమాన్ని ఎక్కువగా తాకింది మాత్రం ఆ పాయే.

దాని మొదళ్లలో ఒకటి కూడా మెంఫిస్‌లోనే ఉంది. 1892లో అక్కడ కిరాణా దుకాణం నడుపుకునే ముగ్గురు నల్లజాతివాళ్లను మూక చంపేసింది. వాళ్లకు స్నేహితురాలైన పత్రికా సంపాదకురాలు ఐడా బి. వెల్స్ అప్పటినుంచి ఇలాంటి హత్యలను ఒక్కొక్కటిగా తవ్వి రాయడం మొదలుపెట్టింది. హత్యకు ముందు వేసే నింద చాలాసార్లు అబద్ధమనీ, వ్యాపారంలోనో మాటతీరులోనో నల్లవాడు తలెత్తడమే అసలు నేరమనీ తేల్చింది. ఆమె అచ్చు యంత్రాన్ని ధ్వంసం చేశారు. ఆమె ఉత్తరాదికి వెళ్లి అక్కడ నుంచి రాసింది. మన పౌరహక్కుల సంఘాలు నిజనిర్ధారణ కమిటీలు వేయడానికి ఎనభై తొంభై ఏళ్ల ముందే ఆమె ఒంటరిగా చేసిన పని అది.

1955 ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్‌ను చంపి నదిలో పడేశారు. ఒక తెల్ల స్త్రీతో తప్పుగా ప్రవర్తించాడన్నది నింద. అతని తల్లి మామీ టిల్ శవపేటిక మూత వేయనివ్వలేదు. ఛిద్రమైన కొడుకు ముఖాన్ని వేలాదిమంది చూశారు, నల్లజాతి పత్రికలు ఆ ఫొటోలు వేశాయి. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ గంటకు కాస్త పైగా కూర్చుని నిందితులను వదిలేసింది. కోటేశుకు, టిల్‌కు చావులో పోలికలున్నా చావు తర్వాత లేవు. టిల్ వెనక నల్లజాతివాళ్ల సొంత పత్రికలున్నాయి, సొంత చర్చీలున్నాయి, 1909 నుంచి పనిచేస్తున్న జాతీయ సంఘం ఉంది. ఆ డిసెంబరులోనే మాంట్‌గోమరీలో బస్సుల బహిష్కరణ మొదలైంది.

1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. చట్టాలు రావడం వేరు, పోలీసు లాఠీ ఆగడం వేరు. 1965 ఫిబ్రవరిలో హత్యకు గురైన మాల్కం ఎక్స్ అప్పటికే ఆత్మరక్షణ హక్కు గురించి, తెల్లవాళ్ల దయ మీద ఆధారపడకపోవడం గురించి మాట్లాడి ఉన్నాడు. 1966లో స్టోక్లీ కార్మైకేల్ ‘బ్లాక్ పవర్’ నినాదాన్ని దేశమంతా వినేలా చేశాడు. అలబామాలోని లౌండ్స్ కౌంటీలో నల్లజాతి రైతులు, కూలీలు పెట్టుకున్న పార్టీకి ఎన్నికల గుర్తు నల్ల చిరుత. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ అనే ఇద్దరు యువకులు ఆ గుర్తును తీసుకుని బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు.

తుపాకులు పట్టుకుని పోలీసుల వెంట తిరిగి వాళ్ల దౌర్జన్యాన్ని కనిపెట్టడం ఈ పార్టీకి పేరు తెచ్చింది. ఆ ఫొటోలే ప్రపంచానికి గుర్తుండిపోయాయి, అది కొంత అన్యాయం కూడా. వాళ్ల పది అంశాల కార్యక్రమంలో ఉన్నవి పని, ఇల్లు, తమ చరిత్ర చెప్పే చదువు, పోలీసు హత్యల నుంచి రక్షణ వంటివి. 1969 జనవరి నుంచి ఓక్లాండ్‌లోని ఒక చర్చిలో బడిపిల్లలకు ఉచితంగా ఉదయం పూట తిండి పెట్టారు, తర్వాత దాన్ని అనేక నగరాలకు విస్తరించారు, ఉచిత క్లినిక్‌లు నడిపారు. ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ ఈ పార్టీని దేశ భద్రతకు అతి పెద్ద ముప్పుగా ప్రకటించాడు. సంఘాల్లోకి మనుషులను జొప్పించి, దొంగ ఉత్తరాలు రాసి, ఒకరిమీద ఒకరిని ఉసిగొల్పే రహస్య కార్యక్రమం నడిచింది. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున చికాగోలో ఇరవై ఒక్కేళ్ల నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ను అతని పడకగదిలోనే పోలీసులు కాల్చి చంపారు. లోపలి కలహాలూ తక్కువేం కావు. 1982 నాటికి పార్టీ ముగిసిపోయింది.

ఈ కథకూ మన దేశానికీ సంబంధం 1970లలో పుట్టింది కాదు. జ్యోతిరావు ఫూలే 1873లో ‘గులాంగిరి’ని అంకితమిచ్చింది బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు. అంబేద్కర్ 1913 నుంచి మూడేళ్లు న్యూయార్క్‌లో, నల్లజాతి పేట హార్లెం పక్కనే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. 1946లో ఆయన నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాస్తూ, నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి పంపమని అడిగాడు. అంటరానివాళ్ల తరఫున కూడా అలాంటిదే పెట్టాలన్నది ఆలోచన. డుబోయిస్ వెంటనే సానుభూతితో జవాబిచ్చాడు.

చిరుత పేరు మన దేశానికి చేరింది బొంబాయి మీదుగా. అంటరానితనం మీద కేంద్రం వేసిన ఇళయపెరుమాళ్ కమిటీ 1969లో ఇచ్చిన నివేదిక దేశమంతా జరుగుతున్న దాడులను బయటపెట్టింది. అది చదివి రగిలిన మరాఠీ దళిత రచయితలు నామదేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే తదితరులు 1972లో దళిత్ పాంథర్స్ స్థాపించారు. ఓక్లాండ్ పేరును దాచకుండానే తీసుకున్నారు. అత్యాచారం జరిగిన పల్లెకు వెంటనే వెళ్లడం, అడ్డం తిరిగి నిలబడడం, కవిత్వాన్ని ఆయుధం చేసుకోవడం వాళ్ల పద్ధతి. రెండు మూడేళ్లలోనే మార్క్సా, బుద్ధుడా అన్న తగువుతో చీలిపోయారు.

తెలుగు నేల మీద ఆ రకం కదలిక రావడానికి 1985 దాకా పట్టింది. ప్రకాశం జిల్లా కారంచేడులో జులై 16న మాదిగపల్లె వాళ్లు మంచినీళ్లు పట్టుకునే చెరువు దగ్గర భూస్వామి ఇంటి కుర్రాడు గేదెల కుడితి బకెట్టు కడగబోయాడు. అభ్యంతరం చెప్పినవాళ్లను కొట్టబోతే మున్నంగి సువార్త అనే స్త్రీ తన బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, 17న, ఊరి కమ్మ భూస్వాములు మందగా మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు మగవాళ్లను వెంటాడి చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాలకు పారిపోయారు.

కంచికచర్లకూ కారంచేడుకూ తేడా ఇక్కడే కనిపిస్తుంది. బాధితులు తిరిగి ఊరికి వెళ్లి రాజీ పడడానికి ఒప్పుకోలేదు. చీరాలలోనే శిబిరం వేశారు, ఊరికి దూరంగా సొంత కాలనీ కావాలన్నారు, సాధించారు. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవి వదులుకుని వచ్చాడు. సంస్కృత అధ్యాపకుడు, హేతువాది కత్తి పద్మారావు శిబిరంలో కూర్చున్నాడు. 1985 సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. తారకం అధ్యక్షుడు, పద్మారావు ప్రధాన కార్యదర్శి. దళితుల పోరాటానికి దళితులే నాయకత్వం వహించాలన్నది దాని తొలి సూత్రం. కార్మైకేల్ చెప్పిందీ అదే. పద్మారావుకు అది అమెరికా నుంచి కాక అంబేద్కర్ నుంచి వచ్చిందనడం సమంజసం. తుపాకీ ఊసు కూడా ఇక్కడ లేదు. ఆయుధాలు ఊరేగింపు, కోర్టు, పాట. ఆ మాటకొస్తే ఓక్లాండ్ కంటే చీరాల శిబిరం మాంట్‌గోమరీకే దగ్గర.

ఫలితాల్లో పెద్దది చట్టం. కారంచేడు, దేశంలోని మరికొన్ని మారణకాండలు తెచ్చిన ఒత్తిడితో 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం వచ్చిన రెండేళ్లకే, 1991 ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. పోరాడగా ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు వచ్చింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది చొప్పున శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, అంటే ఇరవై మూడేళ్లకు. రెండు దేశాల్లోనూ వీధిలో గెలిచినంత తేలిగ్గా కోర్టులో గెలవలేదు.

సంఘంగా దళిత మహాసభ ఎక్కువకాలం బలంగా నిలవలేదు. ఎన్నికల దారి కొందరిని లాగింది. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి మొదలైన మాదిగ దండోరా దళితుల్లోనే రిజర్వేషన్ల వాటాల ప్రశ్న వేసింది. అమెరికాలో నల్లజాతి స్త్రీలు తమ ఉద్యమంలోని మగపెత్తనాన్ని నిలదీసినట్టే ఇక్కడి దళిత స్త్రీలూ నిలదీశారు. గోగు శ్యామల కూర్చిన ‘నల్లపొద్దు’ 2003లో వాళ్ల రచనలను ఒకచోట చేర్చింది.

ఎక్కువకాలం నిలిచింది సాహిత్యం. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగులోకి తెచ్చాడు. 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆ పుస్తకాన్ని నల్లజాతి చరిత్ర ఏమాత్రం తెలియని పల్లెటూరి యువకులు కూడా చేతులు మార్చుకుంటూ చదివారు. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం దళిత కవులను ఒక తరంగా నిలబెట్టింది. కంచికచర్లలో పుట్టిన కలేకూరి ప్రసాద్ విప్లవ సాహిత్యం నుంచి దళిత ఉద్యమంలోకి వచ్చిన కవి. ‘పిడికెడు ఆత్మగౌరవం కోసం’ కవితలో తన ఊరి కోటేశు పేరును తన పేరుగా చెప్పుకున్నాడు. ఆయన 2013 మేలో మరణించాడు.

నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ వ్యవస్థాపకుల్లో ఒకడు, కవి శివసాగర్‌గా ప్రసిద్ధుడైన కె.జి. సత్యమూర్తి కృష్ణా జిల్లావాడే. పార్టీలో కులం ప్రశ్న లేవనెత్తి బయటికొచ్చి, తర్వాత దళిత ఉద్యమంలో తిరిగాడు. ఆయన జీవిత కథను మేనకోడలు సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ పేరుతో ప్రచురించింది. ఆ పుస్తకం వచ్చేనాటికి ఆమె న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరు.